మూడు చీరల గడువు

జ్యేష్ఠ బహుళ పంచమి, గురువారం, పొద్దున ఏడు గంటల పది నిమిషాలు. జమ్మలమడుగులో ఒక ఇంటి వంటగదిలో ఆ ఇల్లు కొన్న ఆడమనిషి పాలు పొంగించింది. సరిగ్గా అదే సమయానికి ముందరి గదిలో, ఆ ఇల్లు అమ్మిన మనిషి మగ్గం గుంటలో కూర్చుని చీర నేస్తున్నాడు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడు ఊళ్లలో ముప్పై ఏళ్లకు పైగా ఇళ్ల బేరాలు కుదిర్చాను. అమ్మినవాళ్లు పోతారు, కొన్నవాళ్లు వస్తారు, మధ్యలో తాళం నా జేబులో ఉంటుంది. అదే నాకు తెలిసిన పద్ధతి. ఇద్దరూ ఒక కప్పు కింద ఉండగా, ఒకరి మీద ఒకరు నోరు చేసుకోకుండా, పాలు పొంగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అందులో నా తెలివేమీ లేదు. నా తెలివి ప్రకారం నడిచి ఉంటే ఆ వ్యవహారం స్టేషన్ మెట్లెక్కేది. ఈ పనిలోకి కొత్తగా దిగే పిల్లలకు నేను కుదిర్చిన పెద్ద బేరాల గొప్పలు అక్కర్లేదు. నేను తప్పు చేసిన చోట ఇంకొకరు ఎట్లా నెగ్గుకొచ్చారో తెలిస్తే చాలు.

రేటు అందరూ అడుగుతారు

మొదటిసారి ఇల్లు కొనేవాళ్లను చూస్తే నాకు జాలి, చిరాకు రెండూ వస్తాయి. బోరులో నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయని అడుగుతారు. వాకిలి ఏ దిక్కని అడుగుతారు. రేటు దగ్గర నెలల తరబడి తిప్పుకుంటారు. అంతా అయిపోయి, టీ తాగి, చెప్పులు వేసుకునేటప్పుడు గుర్తొస్తుంది: "అవునూ, ఖాళీ ఎప్పుడు చేస్తారు?" అమ్మేవాళ్లు "చేస్తాంలేప్పా" అంటారు. కొనేవాళ్లు సంతోషంగా వెళ్లిపోతారు.

రేటు దగ్గర చెడిన బేరాలకంటే ఆ "చేస్తాంలేప్పా" దగ్గర చెడిన స్నేహాలే ఎక్కువ చూశాను. నాకు పని నేర్పిన మస్తానయ్య ప్రొద్దుటూరులో పాత బ్రోకరు. ఆయన అనేవాడు: "రేటు మనిషి నోట్లో ఉంటాదిరా. తేదీ ఇంట్లో ఉంటాది. లోపలికి పోయి చూడు. మంచం మీద ముసలామె ఉందా, కొట్టంలో చూడి బర్రె ఉందా, పదో తరగతి పిల్లోడు ఉండాడా. అవి చెప్తాయి తేదీ."

ఇప్పటి పిల్లలు ఇంటి ఫొటోలు ఫోన్లో పంపించి బేరం కుదురుస్తున్నారు. ఫొటోలో గోడ కనిపిస్తుంది, చూడి బర్రె కనిపించదు.

బస్టాండులో నేర్చుకున్న అక్షరాలు

మాది గొర్రెలు మేపుకునే ఇల్లు. నలభై ఒక్కటో ఏడు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. వేలిముద్రతోనే బేరాలు చేశాను. సిగ్గు పడలేదు కూడా. పులివెందులలో దెబ్బ తగిలాక పడ్డాను.

అక్కడ ఒకాయన ఇల్లు అమ్మాడు. నెలాఖరుకు ఖాళీ చేస్తానని నోటితో చెప్పాడు. కాగితంలో ఆరు నెలలని రాయించాడు. దానికింద సాక్షిగా నా వేలిముద్ర ఉంది. కొన్నాయన ట్రాక్టరు నిండా సామాను వేసుకుని, పైన తల్లిని కూర్చోబెట్టుకుని మిట్టమధ్యాహ్నం వచ్చాడు. అమ్మినాయన తలుపు సగం తెరిచి కాగితం చూపించాడు. ట్రాక్టరు మీది ముసలామె నన్ను అడిగింది: "నువ్వే గదప్పా సాచ్చి? ఏం రాసినారో చూడకుండానే వేలు అద్దినావా?" చూశానమ్మా, చదవడం రాదు, అని చెప్పుకోలేక ట్రాక్టరు వెనక్కి తప్పుకున్నాను.

మస్తానయ్య నన్ను తిట్టలేదు. మరుసటి రోజు పొద్దున్నే ప్రొద్దుటూరు బస్టాండుకు తీసుకుపోయాడు. "బస్సు యాడికి పోతాదో నీకు తెలుసు. బోర్డు మీద ఏముందో నీకు తెలుసు. ఇంగ అక్షరం గుర్తుపట్టేది ఎంత పని?" అన్నాడు. అట్లా రోజూ గంటసేపు. నేను సొంతంగా చదివిన మొదటి మాట లింగాల. జమ్మలమడుగు పొడుగు మాటే కానీ మెత్తగా లొంగింది. ప్రొద్దుటూరు మొదటి అక్షరం మాత్రం గొంతులో ఎముక మాదిరి పదిరోజులు అడ్డం పడింది. బస్సు కదిలేలోపు చదవాలి. నా బడిలో అదొక్కటే పరీక్ష.

చదువు వచ్చాక ఇంకో జబ్బు మొదలైంది. కాగితం మీద ఉందంటే చాలు, ఇంట్లోకి చూడనక్కర లేదనుకున్నాను. వేలిముద్ర రోజుల్లో గుడ్డివాడిగా మోసపోయాను. సంతకం రోజుల్లో కళ్లుండి మోసపోయాను. రెండోదే ఎక్కువ సిగ్గు.

ఈశ్వరమ్మ

ఈ ఇల్లు కొన్న ఈశ్వరమ్మది లింగాల. వాళ్లూ మా మాదిరే గొర్లవాళ్లు. భర్త రామాంజి జమ్మలమడుగులో సరుకుల ఆటో తోలుతాడు. ఆమె బస్టాండు దగ్గర దోసెల బండి పెట్టుకుంది. ఇద్దరు ఆడపిల్లలు. పెళ్లయినప్పటి నుంచి బాడుగ గదుల్లోనే కాపురం. సొంత ఇల్లు చూసిపెట్టమని నన్ను రెండేళ్లు వెంబడించింది.

ఆమెకు ఒక గడువు ఉంది. బాడుగ ఇంటి యజమాని పాత మిద్దె పడగొట్టి కొత్తది కట్టుకుంటున్నాడు. జ్యేష్ఠం అమావాస్యకల్లా ఖాళీ చేస్తానని ఆమె మాట ఇచ్చింది. అమావాస్య దాటితే ఆషాఢం. ఆషాఢంలో మా వైపు ఎవరూ కొత్త ఇంట్లో పొయ్యి వెలిగించరు. అంటే అమావాస్యలోపు చేరకపోతే శ్రావణం దాకా నలుగురూ, రుబ్బురోలూ, దోసెల బండీ వీధిలోనే.

నేను చూపించిన ఇల్లు చేనేత పనిచేసే గుర్రప్పది. డెబ్బై దాటిన మనిషి. కొడుకులు లేరు. భార్య సుబ్బమ్మను తీసుకుని ప్రొద్దుటూరులో కూతురి దగ్గరికి పోవాలని ఇల్లు అమ్మకానికి పెట్టాడు. రెండుసార్లు కూర్చుంటే రేటు తేలింది. తేదీ నేనే తేల్చాను. ఎట్లా తేల్చానో చెప్పాలంటే ఇప్పటికీ మొహం చెల్లదు. ఆయన ఇంటి ముందు బండి ఆపాను, దిగలేదు. "గుర్రప్పా, పున్నమికి ఖాళీ చేస్తావు గదా?" అని కేకేశాను. లోపలి నుంచి మగ్గం చప్పుడు ఆగింది. "చూద్దాంలేప్పా" అన్నాడు. మళ్లీ చప్పుడు మొదలైంది. నేను పోయి కాగితంలో పున్నమి అని రాయించి, ఇద్దరితో సంతకాలు పెట్టించాను. చక్కగా చదివి వినిపించాను కూడా.

నా నోటి దురుసు

పున్నమికి వారం ముందు ఈశ్వరమ్మ ఫోన్ చేసింది. "మామా, గ్రైండరు యాడ పెట్టుకోవల్లో చూద్దామని పోయినా. ఆ నాయన ఇంకా మూడు చీరలుండాయి అంటాండాడు. ఏంది సంగతి?"

గడువు దగ్గర పడ్డాక సాగదీసే అమ్మకందారుకు సాధారణంగా ఒకటే కారణం ఉంటుంది: ఎవరో ఇంకో రూపాయి ఎక్కువిస్తామని ఆశ పెట్టి ఉంటారు. అట్లాంటివి డజను చూశాను. ఇదీ అదేనని తీర్మానించుకుని, ఈశ్వరమ్మను వెంటబెట్టుకుని పోయాను. ఈసారి బండి దిగాను. చెప్పులతోనే గడప దాటాను. అది రెండో తప్పు.

"ఏం గుర్రప్పా, యాపారం జేస్తాండావా నాతో?" అన్నాను.

ఆయన గుంటలో నుంచి తల ఎత్తాడు. "పడుగు దిగల్ల మల్లన్నా. షావుకారు జరీ శానా ఆలస్యంగా పంపించినాడు. నా చేతుల్లో లేదు."

పడుగు అంటే మగ్గానికి నిలువుగా చుట్టిన పట్టుదారాలు, అవన్నీ చీరలుగా నేయడం అయిపోతే పడుగు దిగినట్టు. నా లెక్కలో అదొక గుడ్డ. "మూడు చీరలంట, మూడు చీరలు! కత్తెర తీసుకుని ఆడికి కోసి పారేయప్పా. మిగిలింది ప్రొద్దుటూరులో నేసుకో" అన్నాను.

ఆయన అడ్డపోగు తిప్పే నాడెను తీసి పక్కన పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. వంటగదిలో నుంచి సుబ్బమ్మ వచ్చింది. "గొర్లు కాసినోనివి గదా, నీకేం తెలుస్తాదిలే. నీ గొర్రెను సగం కోసి, మిగిలిన సగం ఇంకో ఊర్లో మేపుకోమంటే మేపుకుంటావా?" అంది.

నాకు రోషం వచ్చింది. కాగితం తీశాను. "పున్నమి దాటితే ఊరుకునేది లేదు. ఈడ సంతకం ఉండాది, చూసుకో." ఈశ్వరమ్మ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. నేను ఆమె తరఫునే అరుస్తున్నాను కాబట్టి ఆమె సంతోషపడుతుందనుకున్నాను.

గుంట పక్కన

ఆమె చెప్పులు వాకిట్లో విడిచింది. లోపలికి వచ్చి, చీర కొంగు దోపుకుని, గుంట గట్టు మీద చతికిలబడింది. నన్ను చూడలేదు.

"నాయనా, నాకు చూపించు. ఏది అయిపోయింది, ఏది ఉండాది?"

 గుర్రప్ప వేలుపెట్టి చూపించాడు. ఇది నేసినది, చుట్టుకుంటూ పోతుంది. ఇది నేయాల్సినది. మూడు చీరలకు సరిపడా. కోస్తే ఏమవుతుందని ఆమె అడిగింది. వేల పోగులను మళ్లీ ఒక్కొక్కటీ కలిపి ముడేయాలి. అట్లా ముడేసిన పడుగును షావుకారు తీసుకోడు, పట్టు ఖరీదు నా మీద వేస్తాడు, అన్నాడు.

"ప్రొద్దుటూరులో ఇంకో మగ్గం వేసుకోవా?"

"నా కూతురు ఉండేది మేడ మీద పాపా. మేడ మీద గుంట యాడ తవ్వుతాం?" అని నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఇదే ఆకరి పడుగు."

ఇన్ని రోజుల బేరంలో ఆ మాట నాకు తెలియలేదు. అడిగితే కదా తెలిసేది.

"ఒక చీరకు ఎన్నాళ్లు?"

"పది పదకొండు రోజులు. కరెంటు పోకుంటే, మోకాలు నొప్పి పెట్టకుంటే."

ఆమె వేళ్లు మడిచి లెక్క వేసింది. ఆషాఢం పదో రోజు దాకా పోతుంది. అప్పుడు తిరిగి నన్ను చూసింది. "మామా, ఈనుతాండే గొర్రెను ఎవరన్నా దొడ్డి మారుస్తారా?"

ఒకసారి మా నాయన మందను తోలుతూ, ఒక గొర్రె ఈనుతోందని, వాన ముంచుకొస్తున్నా ఒకరి చేలో సాయంత్రం దాకా నిలబడ్డాడు. ఆ చేను ఆసామి బూతులు తిట్టినా కదల్లేదు. ఆ నాయన కడుపున పుట్టిన నేను కత్తెర తీసుకోమన్నాను. ముప్పై ఏళ్ల అనుభవం నాది. ఆమెకు అది మొదటి ఇల్లు.

"అయితే ఏం జేస్తావు? పిల్లల్ని ఎత్తుకుని నెల రోజులు బస్టాండులో పండుకుంటావా?" అన్నాను.

"ఉండు మామా, మాట్లాడనీ." మళ్లీ గుర్రప్ప వైపు తిరిగింది. "నాయనా, ఈడ ఉండాల్సింది మగ్గమేనా, మీ పొయ్యి గూడానా?"

గుర్రప్పకు అర్థం కాలేదు. సుబ్బమ్మకు వెంటనే అయింది. "మగ్గమే" అంది ఆమె. "పొయ్యి నేను రేపు తీసేస్తా అంటే రేపే తీసేస్తా. నాకు కూతురి ఇంట్లో పొయ్యి ఉండాది."

ఆ ఒక్క ప్రశ్న ఎంత పెద్దదో ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ఇల్లు ఖాళీ చేయడం అంటే అంతా ఒకేసారి పోవడమని నా బుర్రలో గూడు కట్టుకుని ఉంది. ఆమె ఇంటిని రెండుగా విడదీసి చూసింది. కాపురం పొయ్యి దగ్గర ఉంటుంది, పని మగ్గం దగ్గర ఉంటుంది. ఆషాఢం పట్టింపు పొయ్యికే కానీ మగ్గానికి లేదు. పొయ్యి వెళ్లిపోతే ఆమె పొయ్యి రావచ్చు. మగ్గం తన సమయానికి తాను దిగవచ్చు.

నేను ఆమెను బయటికి పిలిచి హెచ్చరించాను. "పిచ్చిదానా, రిజిస్ట్రేషన్ అయినాక గూడా మనిషిని లోపల పెట్టుకుంటే రేపు కదలనంటాడు. ఏళ్లు పడతాది. నేనైతే ఒప్పుకోను."

"నీ ఇల్లు కాదు గదా మామా" అంది.

ఆమె అడిగినవి, ఆయన అడిగినవి

ఇది చదివి ఆమెను మెత్తని మనిషి అనుకోవద్దు. దోసెల బండి దగ్గర తాగొచ్చినవాళ్లతో రోజూ వేగే మనిషి ఆమె. షరతులు ఒక్కొక్కటే చెప్పింది, నాతో కాగితం మీద రాయించింది. తాళం ఆమె దగ్గరే ఉంటుంది. పొద్దున ఆరున్నరకు ముందరి గది తీస్తుంది, సాయంత్రం ఐదున్నరకు వేస్తుంది. ఆయన రాత్రి ఉండకూడదు. మూడో చీర కోసిన రోజే మగ్గం విప్పాలి. గుంట ఆయనే పూడ్చాలి, కూలీకి వదిలేయకూడదు.

"యాందుకమ్మా, కూలోడు పూడిస్తే ఏమి?" అని నేనడిగాను.

"కూలోడు పైపైన మట్టి పోసి పోతాడు. నా పిల్లలు ఆడుకునే చోటు. ఆయనకైతే గుంట ఎంత లోతో తెలుసు."

గుర్రప్ప తక్కువ తినలేదు. నోరు తెరిచాక గట్టిగానే అడిగాడు. దోసెల పొగ, నూనె వాసన పట్టుకు తగలకూడదు. మగ్గం దిగేదాకా దోసె కాల్చడమైనా, పోపు పెట్టడమైనా పెరట్లోనే. పిల్లలు పోగు ముట్టుకోకూడదు. ముందరి గదిలో నీళ్లు చల్లకూడదు. ఆమె అన్నిటికీ సరే అంది. ఒక్కదానికి మాత్రం ఎదురు చెప్పింది. మధ్యాహ్నం తిండి తానే కూతురి ఇంటి నుంచి కట్టుకొస్తానని ఆయన అంటే, "నా ఇంట్లో పనిచేస్తాండే మనిషి మూట విప్పుకుని తింటే నాకు మర్యాద గాదు నాయనా" అంది. ఆయన ఈ షరతు ఒప్పుకోవడానికే ఎక్కువసేపు పట్టింది.

నేను ఆ కాగితం చదివి వినిపించాను. అందులో తేదీ లేదు. 'మూడు చీరలు దిగేదాకా' అని ఉంది.  నేను రాయించిన గడువులన్నిటిలో మాట తప్పకుండా నిలబడింది అదొక్కటే.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. గుర్రప్ప రోజూ ప్రొద్దుటూరులో మొదటి బస్సు ఎక్కి వచ్చాడు. ఒక్కరోజు కూడా ఐదున్నర దాటి కూర్చోలేదు. ఈశ్వరమ్మ తాళం పట్టుకుని వచ్చేలోపే బయట నిలబడి ఉండేవాడు. అనుకున్నదానికి రెండు రోజుల ముందే మూడో చీర దిగింది. మధ్యాహ్నానికి మగ్గం విప్పి రామాంజి ఆటోలో వేశారు. సాయంత్రానికి గుంట పూడ్చాడు. తట్ట తట్టకూ నీళ్లు పోసి, దిమ్మిసతో కొట్టి, మళ్లీ పోసి. నేను పోయి కాలితో తొక్కి చూశాను. నేల నేలగానే ఉంది. గుంట ఎక్కడుండేదో నాకు తెలియలేదు.

ఆ రోజు ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను. "పోనీలేప్పా, నీకు పని తెలీదు, అంతే గదా" అన్నాడు. ముప్పై ఏళ్ల బ్రోకరుకు అంతకన్నా గట్టి చెంపదెబ్బ ఉండదు. ఆయన మాత్రం నిజంగానే ఓదార్చడానికి అన్నాడు.

ఆ గురువారం

కాగితం రాసిన తర్వాత ఈశ్వరమ్మ పంచమి నాటికి ముహూర్తం పెట్టించుకుంది. బుధవారం సాయంత్రమే సుబ్బమ్మ తన పొయ్యి తీసేసి, వంటగది కడిగి, అలికి పెట్టింది. గురువారం పొద్దున భర్తతో పాటు ఆమె కూడా మొదటి బస్సుకు వచ్చింది. "ఈ కిటికీ మూసుకో పాపా, తూర్పుగాలికి మంట నిలబడదు" అని చూపించింది. పంతులు లేడు, బాజాలు లేవు. కొత్త స్టవ్వు, కొత్త గిన్నె, కిటికీ గూట్లో దేవుడి పటం.

ముందరి గదిలో మగ్గం ఆడుతోంది. ఈశ్వరమ్మ తల్లి నాగమ్మకు అది నచ్చలేదు. "పాలు పొంగేటప్పుడు ఆ టకటక ఏందమ్మే? ఒక్క గడియ ఆపమని చెప్పు" అంది. అది విని గుర్రప్ప చెయ్యి ఆపాడు. 

"ఆపొద్దు నాయనా" అని ఈశ్వరమ్మ లోపలి నుంచి కేకేసింది. "పని జరుగుతాండే ఇంట్లో పాలు పొంగితే చెడ్డా?"

మళ్లీ చప్పుడు మొదలైంది. ఏడూ పదికి పాలు పొంగి గిన్నె అంచు దాటాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె దేవుడికి పెట్టి, మొదటి గ్లాసు తీసుకుని ముందరి గదికి పోయింది.

మగ్గం మీద ఆయన ఏదీ తాగడు, పట్టు మీద చుక్క పడుతుందని. గుంటలో నుంచి మెల్లగా పైకి వచ్చాడు. గ్లాసు అందుకుని, ఎవరూ అనుకోని విధంగా, గడప దాటి బయటికి పోయాడు. అరుగు కింద నిలబడి పాలు తాగాడు. ఆ ఇంట్లో పుట్టిన మనిషి, ఆ ఇంట్లో పెళ్లి చేసుకున్న మనిషి. గ్లాసు కడిగి అరుగు మీద బోర్లించాడు. చేతులు తుడుచుకున్నాడు. గడప అవతలే నిలబడి అడిగాడు:

"లోపలికి రావచ్చునా అమ్మా?"

ఈశ్వరమ్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది. "రా నాయనా" అంది.

అమ్మకం కాగితాల్లో ముందే అయిపోయింది. ఇల్లు చేతులు మారింది మాత్రం అప్పుడే.

ఆ పొద్దు అక్కడ ఉన్నవాళ్లు: పాలు పొంగించిన ఈశ్వరమ్మ. పని మానుకుని, తలస్నానం చేసి నిలబడిన ఆమె భర్త రామాంజి. వాళ్ల ఆడపిల్లలు గంగ, పావని. లింగాల నుంచి వచ్చిన తల్లి నాగమ్మ. పక్కింటి నుంచి చక్కెర తెచ్చిన ఖాసింబీ. కిటికీ పట్టుకుని నిలబడిన సుబ్బమ్మ. అడిగి లోపలికి వచ్చి మళ్లీ గుంటలోకి దిగిన గుర్రప్ప. చెప్పులు బయట విడిచి వచ్చిన నేను, మల్లన్న.